సుంకపు ఒడంబడికలును కొండకల్ కార్ఖానాయును

స్వేచ్ఛావాణిజ్యపు ఒడంబడికలనగా మన కాలమున పుట్టిన వింత యని చాలమంది తలంతురు. రెండు దేశములు గాని, కొన్ని దేశముల కూటమి గాని, తమలో తాము సుంకములు తగ్గించుకొని సరకులకును మూలధనమునకును త్రోవ విడుచుటయే ఈ మాటకు అర్థము. దీనిని గూర్చి పత్రికలలో జరుగు వాదములు చూడుడు. ఒక పక్షమువారు ఒడంబడిక కుదిరినంతనే విదేశీయ ధనము వఱదవలె వచ్చి కార్ఖానాలు మొలచునందురు. రెండవ పక్షమువారు ఒడంబడిక కుదిరినంతనే దేశములోని మగ్గములును కొలుములును మూతపడునందురు. ఇద్దఱును ముందేమి జరుగునో చెప్పుచున్నారే కాని వెనుక ఏమి జరిగెనో చూచుట లేదు. తెలంగాణమున కీ విషయమున రెండువందల యేండ్లకు మించిన అనుభవము కలదు. ఆ అనుభవమును తిరుగవేసి, దాని వెలుతురున నేటి సంగతిని పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

హైదరాబాదునకు పడమట శంకరపల్లి మండలమున కొండకల్ అను గ్రామము కలదు. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములవలెనే ఇదియు కూరగాయలు, పూలు పట్నమునకు పంపి బ్రదికిన సీమలోనిది. ఈ గ్రామమున 2023 జూన్ 22వ తేదీన రైలుపెట్టెలు తయారుచేయు కార్ఖానా ప్రారంభమయ్యెను. శంకరపల్లి స్టేషను మీదుగా పోవు ఇనుపదారియో, వాడినుండి సికింద్రాబాదునకు 1874లోనే వేయబడినది. నైజాము ఖర్చుతో వేయబడిన మొదటి రైలు అదియే. ఆ దారిమీద నడచిన ఇంజనులు సీమనుండి ఓడలమీద వచ్చినవి. ఆ దారి ప్రక్కనున్న మండలమున రైలుపెట్టెలు పుట్టుటకు నూటయేబది యేండ్లు ఎందుకు పట్టెను? ఈ ప్రశ్నకు జవాబు వెదకువారు రైలుకంటె వెనుకకు, 1802వ సంవత్సరమునకు పోవలెను.

నిజాం అలీఖాను 1798లోను 1800లోను ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార సంధులు చేసికొనెను. ఆ వెంబడి 1802 ఏప్రిలులో ఒక వాణిజ్యసంధి కుదిరెను. అప్పుడు హైదరాబాదు రెసిడెంటు జేమ్సు అకిలీసు కర్కుపాట్రిక్కు. మన చరిత్రపుస్తకములలో సైన్యసహకార సంధికి నాలుగు పుటలుండును. వాణిజ్యసంధికి నాలుగు పంక్తులును ఉండవు. కాని సామాన్యుని యింటిలోనికి నడచి వచ్చినది రెండవదియే. ఉభయ రాజ్యములలో పండిన పంటలకును, తయారైన సరకులకును రాకపోకలు స్వేచ్ఛగా ఉండవలెను. త్రోవ పొడుగున జమీందారులు, గుత్తేదారులు గుంజుచున్న రహదారి సుంకములు మానవలెను. కంపెనీ సీమనుండి వచ్చు సరకుపై నూటికి 5 చొప్పున ఒక్క సుంకము మాత్రమే తీసికొనవలెను. నిజాముకు మచిలీపట్టణపు రేవును వాడుకొను హక్కు ఉండును. దాని సారమిది.

ఇందులో మంచి లేదనుట పక్షపాతము. రహదారి సుంకములు నిజముగా వర్తకుని గొంతుకు ఉరివంటివి. ఒక యెడ్లబండి పత్తి పాలమూరునుండి బయలుదేరి రేవు చేరులోపల ఎన్ని చౌకీలు దాటవలెనో అన్నిసార్లు చేతులు తడుపవలసియుండెను. అవి మానవలెనన్న షరతు న్యాయమైనదే. అయినను అది ఆచరణలోనికి వచ్చుటకు మొదటి సాలార్జంగు సంస్కరణలదాక ఆగవలసివచ్చెను. మచిలీపట్టణపు హక్కు మాత్రము వినుటకు ఇంపైనది. ఉత్తర సర్కారులు అంతకు ముప్పదియైదేండ్ల క్రిందటనే కంపెనీ పాలయ్యెను. సముద్రము పోగొట్టుకొన్నవానికి సముద్రస్నానపు హక్కు ఇచ్చినట్లుండెను.

అసలు బిగువు ఆ అయిదింటిలో ఉన్నది. నూటికి 5కు మించి సుంకము వేయుటకు నిజాముకు చేతులు లేవు. హైదరాబాదున సుంకముల శాఖను కరోడ్‌గిరి యనుచుండిరి. దాదాపు నూటయేబది యేండ్లు ఆ కరోడ్‌గిరి సామాన్యముగా ఈ అయిదింటి చుట్టే తిరిగెను. ఇంగ్లండు తన రేవులలో నట్లు చేయలేదు. 1813 ప్రాంతమున భారతదేశపు నూలుబట్టలపై అచ్చట నూటికి 70, 80 వంతున సుంకముండెను. ఒకని తలుపునకు గొళ్లెము, రెండవవాని తలుపునకు గొళ్లెము పెట్టుకొనరాదను షరతు! దీనిని స్వేచ్ఛావాణిజ్యమనుట మాటను అవమానించుట.

ఐనను ఫలితము మనము సామాన్యముగా చెప్పుకొనునంత సులభముగా లేదు. మరనూలు వచ్చెను, ఇంటింట రాటము త్రిప్పి నాలుగు డబ్బులు సంపాదించు స్త్రీల పని పోయెను. మొదట దెబ్బతిన్నది వారే. వారి పేర్లు ఏ దస్తావేజులోను లేవు. కాని మగ్గము అంతగా పడిపోలేదు. సాలెవాడు చౌకగా దొరకిన ఆ మరనూలునే కొని నేసి, నారాయణపేటలోను గద్వాలలోను తన చీరకు పేరు నిలుపుకొనెను. సరకుయొక్క ముడిభాగము బయటినుండి చౌకగా వచ్చినప్పుడు దానిని చేయువాడు నశించుటయు, దానితో పూర్తివస్తువును కూర్చువాడు నిలుచుటయు ఒకే కాలమున జరుగును. పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకొన గోరెదను. ముందు పెనుకొండ మాట వచ్చినప్పుడు ఇది మరల అక్కఱకు వచ్చును.

ఇనుపపని వారి కథ ఇంకను దుఃఖకరము. నిర్మల ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించి చేయు ఉక్కు ఉండెను. పారశీకపు వర్తకులు ఆ ఉక్కుకొఱకు ఇస్ఫహానునుండి వచ్చి, ఆ పల్లెలోనే మకాము వేసి, కొలుముల యెదుట నిలిచి పరీక్షించి కొనుచుండిరని 1820 ప్రాంతమున ఆ సీమను చూచిన వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసెను. ఇదియు విదేశీయ ధనమే. ఆ వర్తకునకు ఉక్కును ఎంచుట తెలియును గాని చేయుట తెలియదు. అందుచేత అతడు కొలుము ముందు కూర్చుండక తప్పదు. కొలుము పెట్టువానికి ఆ విద్యయే కోట. పందొమ్మిదవ శతాబ్దిలో మరల ఉక్కు వచ్చిన పిమ్మట ఆ కొలుములు చల్లారెను. నూటికి అయిదు సుంకముతో వాటిని కాపాడుట ఎవరికిని సాధ్యము గాకుండెను.

సరకు తరువాత ధనము వచ్చెను. 1874 నాటి రైలుకు ఖర్చు నైజాము ఖజానాదే. కాని 1883 నుండి వేఱొక యేర్పాటు నడచెను: రైలును లండనులో పుట్టిన ఒక కంపెనీకి అప్పగించుట, ఆ కంపెనీ మూలధనముపై నూటికి 5 వంతున వడ్డి వచ్చునట్లు నైజాము ప్రభుత్వమే పూచీపడుట. బండి నిండినను నిండకున్నను లండనులోని వాటాదారునకు వడ్డి ముట్టవలెను. నష్టము రైతు చెల్లించు శిస్తునుండి పోవలెను. బెజవాడకు, చాందాకు దారులు పొడిగించుటకని ఈ పన్నాగము పన్నిరి. దీనినే ఆ నాటివారు చాందా రైల్వే వ్యవహారమనిరి. హైదరాబాదు కళాశాలను నడపిన అఘోరనాథ చట్టోపాధ్యాయుడును, ముల్లా అబ్దుల్ ఖయ్యూమును, మఱికొందఱును కూడి, ఈ షరతులు ప్రజలయెదుట పెట్టవలెనని అడిగిరి. అడిగినందులకు 1883 మేలో అఘోరనాథునికి ఉద్యోగమునుండి తొలగింపు, రాజ్యమునుండి బహిష్కారము లభించెను. అతడు సరోజినీదేవి తండ్రి యని మాత్రమే నేడు చాలమంది ఎఱుగుదురు. హైదరాబాదు రాజ్యమున విదేశీయ మూలధనమును గూర్చి బహిరంగముగా మొదట ప్రశ్నించినవారిలో అతడొకడని ఎఱుగవలెను.

అతని అనుమానము అక్రమము కాదని అయిదేండ్లలో తేలెను. గనుల హక్కులకై 1886లో లండనున హైదరాబాదు దక్కను కంపెనీ స్థాపింపబడెను. దాని మూలధనము కాగితముపై పదిలక్షల పౌనులు. అందులో అధికభాగము వాటాలు, రొక్కమేమియు పెట్టకయే, హక్కులు సంపాదించినవారు తమలో పంచుకొనిరి. ఆ పది పౌనుల వాటాలు కొన్ని నైజాము ప్రభుత్వముచేతనే మించిన ధరకు కొనిపించిరి. తన గనులపై తానే ధనమిచ్చి వాటాలు కొనుట! ఈ వ్యవహారము 1888లో ఇంగ్లండు పార్లమెంటు విచారణసంఘము ముందునకు వచ్చెను. మధ్యవర్తియైన సర్దార్ దిలేర్‌జంగు పదవి పోయెను. ఇల్లెందు బొగ్గు మాత్రము నిజము. ఆ గనులే తరువాత 1920లో సింగరేణి కంపెనీ పేర ఏర్పడెను. 1945లో నైజాము ప్రభుత్వము దానిని కొనెను. రైలును అంతకుముందే, 1930 ఏప్రిల్ 1న కొనివేసిరి.

ఈ చరిత్రలో లాలాగూడ కార్ఖానా ఒక్కటి వేఱుగా నిలుచును. లండను కంపెనీ దానిని 1893లో కట్టినది మనవారిపై దయచేత గాదు. చెడిన ఇంజనును మరమ్మతునకై ఓడకెక్కించి సీమకు పంపుట అసాధ్యము. ఇంజనులు కొనవచ్చును, బాగుచేయుట మాత్రము నడచుచోటనే జరుగవలెను. అందువలన ఫిట్టరులు, మూసపనివారు, వడ్రంగులు, రంగులవారు అచ్చట తయారైరి. ఏ సంధిలోను ఏ పూచీపత్రములోను వ్రాయబడని ఫలమిది. వడ్డి లండనునకు పోయెను, చేతిపని సికింద్రాబాదున మిగిలెను. విదేశీయ ధనము వచ్చిపోయిన తరువాత మనకు ఏమి మిగిలినదని తూచుటకు నేను ఈ తక్కెడనే ఎంచుకొందును: కొన్న వస్తువు చెడినప్పుడు దానిని బాగుచేయగల చేతులు ఇచ్చట ఏర్పడెనా లేదా?

సుంకము పెంచుటకు చేతులు కట్టబడిన ప్రభుత్వము మఱియొక మార్గమును పట్టెను. 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక నిధి నేర్పఱచి, ఆ నిధినుండి కంపెనీల వాటాలు కొనుట మొదలుపెట్టెను. బోధను చక్కెర కార్ఖానా, సిర్పూరు కాగితపు మిల్లు, ఆల్విన్ లోహపు కార్ఖానా మున్నగునవి ఆ నీడను పెరిగినవే. వీనిలో చక్కెరకు బ్రిటిషిండియా 1932లో పెట్టిన రక్షణసుంకము కూడ గొడుగు పట్టెను. ఆ గొడుగు మనది కాదు. మన నెత్తిన పడిన నీడ మాత్రము మనది. రాజుగారి సొంత నిధియా ప్రజల నిధియా యను వివాదము ఆ కాలమునం దెప్పుడును తీరలేదు. దాని జోలికి ఇచ్చట పోను. 1950 ఏప్రిల్‌లో హైదరాబాదు ఆర్థికముగా భారతదేశమున విలీనమైన మీదట కరోడ్‌గిరి క్రమముగా అంతరించెను. తెలంగాణపు సరిహద్దు భారతదేశపు సరిహద్దుతో కలిసిపోయెను.

ఇక మన కాలపు ఒడంబడికలకు వత్తము. భారతదేశము శ్రీలంకతో 1998 డిసెంబరులోను, ఆగ్నేయాసియా దేశముల కూటమితో 2009 ఆగస్టులోను, అదే నెలలో దక్షిణకొరియాతోను సంతకములు చేసెను. ఇందులో మూడవది తెలుగుసీమకు దగ్గఱి సంబంధము కలది. అది 2010 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము కొరియానుండి వచ్చు మోటారు విడిభాగములపై సుంకము యేటేట తగ్గుచు వచ్చెను. పూర్తికారుపై మాత్రము తగ్గలేదు. ఈ తేడాయే కీలకము. కారును ఓడలో తెచ్చిన సుంకపు గోడ అడ్డు. భాగములుగా తెచ్చిన వాకిలి తెఱచియుండును. అట్టిచోట విదేశీయుడు ఏమి చేయును? గోడకు ఇవతల బిగింపు కార్ఖానా కట్టును. కియా కంపెనీ 2017 ఏప్రిలులో ఆంధ్రప్రదేశముతో ఒప్పందము చేసికొని, పెనుకొండ దగ్గఱ ఎఱ్ఱమంచిలో 110 కోట్ల డాలర్లు పెట్టి కార్ఖానా కట్టుటకు ఈ గోడ, ఈ వాకిలి రెండును కారణములలోనివి. దేశములోని బజారు పెద్దదగుట, రాష్ట్రమిచ్చిన రాయితీలు తక్కిన కారణములు. 2019లో అచ్చటినుండి కార్లు రోడ్డెక్కినవి.

అనంతపురపు కఱవుసీమకు ఇది సామాన్యమైన లాభము కాదు. వేరుసెనగ పంట యెండిన యేట బెంగళూరునకు వలసపోవు యువకునకు ఇంటిదగ్గఱ జీతము దొరకెను. కాని మరనూలు కథను మరువరాదు. పూర్తివస్తువుపై సుంకమెక్కువయై, భాగములపై తక్కువయైనప్పుడు బిగించువాడు వర్ధిల్లును. భాగములు చేయు చిన్న కార్ఖానావానికి పోటీ నేరుగా సముద్రము దాటి వచ్చును. కొరియా కంపెనీ తన వెంట తన దేశపు విడిభాగముల కంపెనీలను గూడ తెచ్చుకొనెను. వారి కార్ఖానాలు మన నేలమీదనే యున్నవి, మనవారికి జీతములిచ్చుచున్నవి. ఐనను అచ్చులుపోయు విద్య, నమూనాలు గీయు విద్య ఎవరియొద్ద ఉన్నవను ప్రశ్న మిగిలియున్నది. పాత కాలపు సాలెవానికి మగ్గము తనది. నేటి బిగింపువానికి ఏది తనది?

శ్రీలంక ఒడంబడిక వేఱొక వినోదమును చూపెను. అది 2000 మార్చి నుండి అమలయ్యెను. అప్పుడు పామాయిలుపై భారతదేశపు సుంకము హెచ్చు, శ్రీలంకలో తక్కువ. దీనిని చూచి భారతదేశపు వర్తకులే సముద్రము దాటి లంకలో వనస్పతి కార్ఖానాలు కట్టి, మలేషియా నూనెను అచ్చట గట్టిపఱచి, ఒడంబడిక నీడలో సుంకము లేకుండ ఇండియాకు పంపిరి. ఇండియాలోని వనస్పతివారు గగ్గోలుపెట్టిరి. యేటికి రెండున్నర లక్షల టన్నులకు మించరాదని కట్టడి వచ్చెను. 2008లో ఇండియా పామాయిలు సుంకమును ఎత్తివేయగనే లాభపు ఆయువు తీరి ఆ కార్ఖానాలు మూతపడెను. లెక్కలలో అది శ్రీలంకకు వచ్చిన విదేశీయ పెట్టుబడియే, పరిశ్రమయే! సుంకపు సందులో మొలచిన మొక్క సందు మూసినంతనే వాడినది. 2019 నవంబరులో భారతదేశము పదునైదు దేశముల ఆసియా వాణిజ్యకూటమిలో చేరక వెనుదిరుగుటకు ఇట్టి అనుభవములు కొంతవఱకు కారణమనుట తప్పు కాదు.

ఈ రెండు నమూనాలను మనసున నుంచుకొని కొండకల్ కార్ఖానాను చూచిన అది వేఱు జాతిదని తెలియును. దానిని కట్టిన మేధా సర్వో డ్రైవ్స్ కంపెనీ 1984లో హైదరాబాదున పుట్టినది. రైలింజనులకు కావలసిన విద్యుత్పరికరములు చేయుటతో మొదలుపెట్టి, 2018లో చెన్నై పెరంబూరు కార్ఖానాలో తయారైన మొదటి వందే భారత్ బండికి నడిపించు విద్యుత్సాధనములను ఇచ్చినది ఇదియే. కొండకల్‌లో 2020 ఆగస్టున పునాది పడెను. నూఱు ఎకరముల స్థలము, దాదాపు 1000 కోట్ల రూపాయల పెట్టుబడి, సాలునకు 500 పెట్టెలు, 50 ఇంజనులు చేయు శక్తి యని ప్రకటించిరి. ఇంతవఱకు విదేశీయుడు లేడు. 2022 మేలో స్విట్జర్లండు దేశపు స్టాడ్లర్ కంపెనీ మేధాతో కూడి కొండకల్‌లో వేయి కోట్లు పెట్టి, ఇండియాకే గాక ఆసియా దేశములకును రైలుపెట్టెలు చేయుదుమని దావోసులో తెలంగాణ ప్రభుత్వముతో చెప్పెను. 2500 మందికి పని యని మాట.

ఆ తేదీని పాఠకులు గమనింపవలెను. స్విట్జర్లండు, నార్వే, ఐస్‌లండు, లిక్టన్‌స్టైను అను నాలుగు దేశముల కూటమితో భారతదేశము వాణిజ్యపు ఒడంబడికపై సంతకము చేసినది 2024 మార్చి 10న. అది అమలులోనికి వచ్చినది 2025 అక్టోబరు 1న. స్విట్జర్లండు కంపెనీ కొండకల్ పేరెత్తినది అంతకు రెండు, మూడేండ్ల ముందే. ఒడంబడిక పిలువకముందే వచ్చినవానిని పిలిచినది ఎవరు? మొదటిది, కొనువాడు: భారతీయ రైల్వే. రెండవది, ఇచ్చట ముందే విద్య నేర్చి కూర్చున్న ఒక కంపెనీ. మూడవది, 2017లో కేంద్రప్రభుత్వము చేసిన కొనుగోలు ఉత్తరువు. ప్రభుత్వపు కొనుగోళ్లలో స్వదేశమున తయారైన భాగము హెచ్చుగా ఉన్నవానికి ముందుచూపు ఇయ్యవలెనని అది శాసించుచున్నది. 2020లో సవరించిన మీదట వెలలో సగమైనను ఇచ్చటిదైనవాడు మొదటి తరగతి వాడు. ఇది స్వేచ్ఛావాణిజ్యము కాదు; దానికి ఎదురుదిక్కు. 1802లో నిజాముకు లేని చేయి ఇది. సుంకముతో గాక కొనుగోలుతో తన కార్ఖానాను కాచుకొనుట.

కొండకల్ విలువ నిజముగా ముంబై మోనోరైలు వలన తేలినది. ఆ బండి 2014 ఫిబ్రవరిలో నడచుట మొదలైనప్పుడు దాని పెట్టెలు మలేషియాలో స్కోమీ కంపెనీ చేసి పంపినవి. తయారైన వస్తువు వచ్చెను, రిబ్బను కత్తిరించిరి, ఫొటోలు దిగిరి. 2017 నవంబరులో రెండు పెట్టెలు కాలి, దాదాపు పది నెలలు బండి ఆగెను. మలేషియా కంపెనీ చితికిపోయెను, విడిభాగములు దొరకవాయెను. ఒక బండిలోని భాగములు విప్పి మఱియొక బండికి తొడుగు దశ వచ్చెను. 2018 డిసెంబరులో ముంబై అధికారులు కంపెనీని తొలగించి నిర్వహణము తామే చేపట్టిరి. కొత్తగా 10 బండ్లు కొనదలచిన, పాటకు వచ్చినవారు ఇద్దఱు చీనావారు. 2020 జూన్‌లో ఆ టెండరును రద్దుచేసిరి. కడకు ఆ 10 బండ్ల పని మేధాకు, మలేషియాకే చెందిన యస్.యం.హెచ్. రైలు కంపెనీకి కూడ కలిపి దక్కెను. అవి కొండకల్‌లో తయారైనవి. 2025 సెప్టెంబరు 20 నుండి కొత్తబండ్లను ఎక్కించుటకై ఆ మార్గముపై రాకపోకలు నిలిపిరి.

మొదటిసారి మలేషియా వాడు పెట్టెను పంపెను. రెండవసారి మలేషియా వాడు తన విద్యను కొండకల్‌కు తెచ్చి మనవానితో కలిసి పెట్టెను చేసెను. దేశము అదే, ఆగ్నేయాసియా ఒడంబడిక అదే, ముంబై అదే. కొనువాడు అడిగిన తీరు మాఱెను. లాలాగూడ తక్కెడలో తూచిన ఈ రెండింటికిని ఎంత తేడాయో చెప్పనక్కఱలేదు. చెడిన పెట్టెను బాగుచేయుటకు మఱల కౌలాలంపూరునకు జాబు వ్రాయవలసిన పని ఇక లేదు.

అట్లని కొండకల్‌ను అజేయమైన కోటగా పొగడుట పిచ్చితనము. 2023లో రైల్వేవారు 200 వందే భారత్ నిద్రబండ్లకు టెండరు విప్పగా, స్టాడ్లర్, మేధా జంట పాడినది గాని గెలువలేదు. బండికి 120 కోట్ల చొప్పున అతితక్కువ పాడినది రష్యా దేశపు ట్రాన్స్‌మాష్‌హోల్డింగు, మన రైల్వే సంస్థయైన రైల్ వికాస్ నిగం కూడిన జంట. వారి పని లాతూరు కార్ఖానాకు పోయెను. లాతూరును పూర్వము నైజాము రాజ్యమునందలిదే. రష్యాతో మనకు అప్పటికి ఏ స్వేచ్ఛావాణిజ్యపు ఒడంబడికయు లేదు. ఒడంబడిక లేనివాడు గెలిచెను. ఒడంబడిక చేసికొనబోవుచున్న దేశపువాడు ఓడెను. ధర, కొనువాడు, తయారుచేయుటకు సిద్ధముగానున్న స్థలము. ఇవే నిర్ణయించినవి. నూఱు ఎకరములు కార్ఖానాకు పోయిన ఊరిలో, పిల్లవాని చదువును ఆ కార్ఖానా పనికై త్రిప్పుకొన్న తండ్రికి ఈ టెండర్ల గెలుపోటములు దూరపు వార్తలు కావు. ఆర్డరు లేని యేడు యంత్రములు ఊరకుండును. యంత్రములూరకున్న కూలికి వచ్చినవారు ముందుగా వెడలుదురు.

నాలుగు దేశముల కూటమితో చేసికొన్న ఒడంబడికలో ఒక క్రొత్త షరతు కలదు, దానిని మెచ్చుకొనవలెను. మనవైపునుండి సుంకములు తగ్గించుటకు ప్రతిగా ఆ దేశములు 15 ఏండ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడిని పెంచుటకును, 10 లక్షల మందికి నేరుగా పని కల్పించుటకును పూనుకొనవలెను. మొదటి పదేండ్లలో సగము, తరువాతి అయిదేండ్లలో తక్కిన సగము. వాటాల బజారులోనికి నేడు వచ్చి రేపు పోవు ధనము ఈ లెక్కలోనికి రాదు. మాట చెల్లనిచో, సంప్రదింపులును గడువులును ముగిసిన పిదప, భారతదేశము తానిచ్చిన రాయితీలను ఆ మేరకు వెనుకకు తీసికొనవచ్చును. 1883లో పూచీ మనది, వడ్డి వారిది. ఇప్పుడు కొంత పూచీ వారిపైన పడెను.

కాని పత్రములోని భాషను జాగ్రత్తగా చదువవలెను. ఆ దేశములు పెట్టుబడిని పెంచ ‘ఉద్దేశింప’వలెనని యున్నది గాని పెట్టితీరవలెనని లేదు. ధనము పెట్టునది కంపెనీలు. ప్రభుత్వములు వాటిని మెడబట్టి త్రోయలేవు. మఱియు స్విట్జర్లండు 2024 జనవరి 1 నుండి పారిశ్రామిక వస్తువులపై సుంకములను ప్రపంచమునకంతకును తానే ఎత్తివేసినది. అందుచేత మన కార్ఖానా సరకునకు అచ్చట ఈ ఒడంబడికవలన క్రొత్తగా తెఱచుకొన్న వాకిలి సన్ననిది. మనకు అసలైన లాభము ఆ పెట్టుబడి మాటయందే కలదు; అది నెఱవేఱెనా లేదా యనుటయే లెక్క.

ఆ లెక్క చూచునది ఎవరు? వచ్చిన ధనమెంత యని మాత్రము ఢిల్లీలో కూడి చెప్పిన చాలదు. ఏ జిల్లాకు, ఏ పనికి వచ్చెనో. అందులో పాత కంపెనీని కొనుటకు పోయినదెంత, క్రొత్త కార్ఖానాకు పట్టినదెంత. ఆ కార్ఖానాలో తయారగు వస్తువున ఇచ్చటి భాగమెంతో యేటేట అచ్చువేయవలెను. తెలంగాణ ప్రభుత్వముకూడ దావోసులో ప్రకటించిన ప్రతి పెట్టుబడికిని ఎదురుగా, నేల ఇచ్చిన ఊరిపేరు, నిజముగా పెట్టిన రొక్కము, పనిలో చేరిన స్థానికుల సంఖ్య చూపు పట్టికను మండల కార్యాలయములలో అందుబాటున నుంచవలెను. శంకరపల్లి మండల కార్యాలయపు గోడకు అట్టి పట్టిక తగిలించుటకు మేకు ఒకటి చాలును. అఘోరనాథుడును అతని మిత్రులును 1883లో అడిగినది ఇంతకంటె హెచ్చు కాదు.